రవ్వ ఉంగరానికి రెండు గిన్నెల నీళ్లు

మొన్న ఆదివారం వైట్‌ఫీల్డ్‌లో మా అబ్బాయి ఇంటికి వెళ్లేసరికి, కోడలు వంటింటి సింకు దగ్గర కొళాయి ధారగా వదిలి, నేనిచ్చిన మా అమ్మ ఒంటిరవ్వ ఉంగరాన్ని పళ్లపేస్టుతో బరబరా రుద్దుతోంది. ఫోనులో ఎవరో చెప్పారట. కింద సింకు కన్నం నోరు తెరుచుకుని ఉంది. మోకాళ్ల నొప్పులని లిఫ్టు కోసం పది నిమిషాలు నిలబడినదాన్ని, ఆ నాలుగడుగులూ ఎలా దూకానో నాకే తెలియదు. కొళాయి కట్టేసి, ఉంగరం లాక్కున్నాక గానీ కుశలప్రశ్నలు గుర్తురాలేదు.

మాది బళేపేటలో గాజుల అంగడి. నాన్న ఊళ్లు తిరిగి సరుకు తెచ్చేవాడు, అంగట్లో కూర్చునేది అమ్మే. అంగళ్లవాళ్ల మధ్య పెరిగినందువల్ల నాకు మాటలకన్నా ముందు బేరం వచ్చిందని మావాళ్లు ఎగతాళి చేస్తారు. ఆసుపత్రిలో రెండు సూదులు వేస్తామంటే ఒకదానితో సరిపెట్టమని అడిగినదాన్ని, కాదనలేను. ఆ ఉంగరం అమ్మకు పుట్టింటివారు పెట్టిందీ కాదు, మెట్టినింటివారు పెట్టిందీ కాదు; గాజులు తొడిగి తొడిగి తన సంపాదనతో తానే కొనుక్కున్నది. అందుకే వేలినుంచి తీసేది కాదు. వచ్చినవాళ్ల చేతికి సబ్బు నురుగు రాసి, వేళ్లు దగ్గరికి నొక్కి, ఒక్క గాజూ చిట్లకుండా ఎక్కించేటప్పుడు కూడా అది అక్కడే ఉండేది. సబ్బూ, నూనే, పసుపూ రాయి అడుగున చేరి చేరి, రవ్వ కాస్తా పటికబెల్లం ముక్కలా మసకబారింది.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు, పెళ్లిగాజులు చూడవచ్చిన ఒక పెద్దావిడ అమ్మ చేతివైపు చూసి, "ఏమ్మా, అమ్మేదీ గాజే, పెట్టుకొనేదీ గాజేనా?" అనేసింది. వెంట వచ్చినవాళ్లంతా నవ్వారు. అమ్మ కూడా నవ్వి, రేపు పెళ్లికూతుర్ని తీసుకురమ్మంది. కానీ సాయంత్రం అంగడి కట్టేటప్పుడు ఉంగరం తీసి డబ్బాలో పెట్టేసింది. తన కష్టంతో కొన్నదాన్ని తానే దాచుకోవడం నేను చూడలేకపోయాను.

మర్నాడు పొద్దున ఉంగరం డబ్బాలోంచి తీసుకుని, నగలకు మెరుగుపెడతానని వీధిలో కేకేస్తూ వచ్చినవాణ్ణి పిలిచి మెట్టుమీద కూర్చోబెట్టి బేరం మొదలుపెట్టాను. వాడు చెప్పినదానిలో సగం అడిగాను, ఆ సగంలో మళ్లీ సగం అడిగాను. "కానీమ్మా" అని వాడు ఇట్టే ఒప్పుకునేసరికి నా అంత గడుసుది పేటలోనే లేదనుకున్నాను. వాడు మెరుగునీళ్ల సీసా మూత తీస్తుండగా అమ్మ వచ్చి ఉంగరం అందుకుని, "నువ్వు పోయిరాప్పా, మా పాప పనిలేక పిల్సింది" అని వాణ్ణి సాగనంపి నావైపు తిరిగింది.

"చౌకాసి బేరం బలే చేసినావులేమే! నువ్వు ధర ఎంత దించితే వాని నీళ్లల్లో మన బంగారం అంత దిగతాది. ఇంత సులువుగా యాల ఒప్పుకొనె అని అనుమానం రావద్దా, అంగట్లో పుట్టినదానికి?"

గెలిచిన బేరాలన్నీ మరిచిపోయాను. ఇదొక్కటి మాత్రం మరుపు రాలేదు.

అంగడి వెనకగదిలో, నీళ్లుపోయే తూముకు దూరంగా, అమ్మ తెల్లబట్ట పరిచి రెండు గిన్నెల్లో గోరువెచ్చని నీళ్లు పెట్టింది. ముందు ఉంగరాన్ని చెవిదగ్గర ఆడించి వినమంది. టకటకమంటే రాయి కదిలినట్టు, అప్పుడిక తెలిసిన ఆచారి దగ్గరికే పోవాలి. తర్వాత వెనక్కి తిప్పి చూపింది. మాది వెనక తెరిచిన కట్టు కాబట్టి తడపవచ్చు. మూసిన కట్టయితే నీళ్లు లోపలికి దిగి రాయి కళ తప్పుతుంది, తడిగుడ్డతో పైపైన తుడవడమే. మొదటి గిన్నెలో కాస్త కుంకుడు రసం కలిపి కాసేపు నాననిచ్చి, అరిగి మెత్తబడిన నా పళ్లబ్రష్షుతో రాయి అడుగువైపు తట్టినట్టుగా తోమింది. రెండో గిన్నెలో జాడించి, నాన్న పాతపంచె ముక్కతో అద్దింది. నీళ్లు పారబోసే ముందు గిన్నెల అడుగు వేలితో తడమడం కూడా మరచిపోలేదు.

మధ్యాహ్నం ఆ పెద్దావిడ పెళ్లికూతురితో వచ్చింది. అమ్మ ముందుగా ఆవిడ చేతినే అందుకుని నురుగు రాసింది. వీధి ఎండ అంగట్లోకి వాలుగా పడుతోంది. గాజు ఎక్కినప్పుడల్లా రవ్వ వెలుగు ఆవిడ మొహంమీద, వెనక గాజుల వరుసలమీద గంతులేసింది. చివరికి ఆవిడే నోరు విప్పి, "యాడ కొన్నావమ్మా ఇది?" అంది.

"ఈ పీటమీద కూర్చొనే కొన్న్యా" అంది అమ్మ.

ఇన్నేళ్లయినా ఆ మాట తలుచుకుంటే నా వెన్ను దానంతటదే నిటారుగా అవుతుంది.

మొన్న కోడల్ని కింద కూర్చోబెట్టి, పేస్టు బంగారాన్ని గీరుతుందని చెప్పి, రెండు గిన్నెలూ పెట్టించాను. ఆ పిల్ల ఫోను పక్కన పెట్టి ఉంగరాన్ని చెవిదగ్గర ఆడించి, "చప్పుడు లేదత్తమ్మా" అన్నప్పుడు మా అమ్మ అంగడి మళ్లీ తెరుచుకున్నట్టనిపించింది. నిజానికి అక్కడ ఇప్పుడు మేకులూ బోల్టులూ అమ్ముతున్నారు. గాజులు పెట్టెల్లో కొనుక్కుని ఎవరివి వాళ్లే తొడుక్కుంటున్నాం. మన చేతిని పట్టుకుని, కొలత కంటితోనే చూసి చెప్పేవాళ్లు లేరు. మొదటి గిన్నెలో నీళ్లు తెల్లబడితే పేస్టేమో అని వాసన చూశాను, మొహానికి రాసే క్రీము. ఆనాటి గిన్నెలో ఎందరు పెళ్లికూతుళ్ల చేతుల నురుగు కరిగిందో! రవ్వ మాత్రం అప్పటిలాగే మెరుస్తోంది. దానికి పట్టే మురికే అప్పటిది కాదు.