కారు కిందికి నేను చెప్పిన రంగు

మా ఇంట్ల కారు నిలవడే జాగల ఒకప్పుడు నేను కూసుండేదాన్ని. నల్లగొండల మా ఇంటి ముందటి అర్ర అది, రోడ్డు మొఖాన ఉంటది. అండ్ల నా గుంత మగ్గం ఉండె. గుంతలకు కాళ్లు ఇడిచి, నేల మీద కూసోని నేసే మగ్గం. మా నాయిన టేకు కట్టెతోని చేయించి, ఆలంపూర్ దిక్కు మా ఊరికెల్లి లారీ మీద ఏస్కొచ్చి, తనే గుంతల దిగి బిగించి పోయిండు. కాళ్ల కింది తొక్కుడు కర్రలు నా పాదం కొలత చూసి కోసిండు. ఏండ్లకేండ్లు తొక్కంగ తొక్కంగ, కుడిదిక్కు కర్ర మీద నా బొటనేలు ఆనే కాడ చిన్న గుంత పడ్డది. కండ్లు మూసుకొని కాలు పెట్టినా వేలు పోయి అండ్లనే కూసునేది.

మా ఆయన గూడ నేసేటోళ్ల ఇంట్లనే పుట్టిండు. ఆయన తల్లి నేసింది, తండ్రి నేసిండు. ఈయన ఆఫీసుల గుమాస్తా అయినంక మగ్గం సప్పుడు ఇంటే నెత్తి నొస్తాందనుడు మొదలువెట్టిండు. ఆఫీసోళ్లు ఇంటికొస్తే "మా ఆమెకు పొద్దు పోదు, టైంపాసుకు నేస్తది" అని ఇకిలించేటోడు. ఆ టైంపాసు చీరలే వాళ్ల పెండ్లాలు పెండ్లిండ్లకు కట్టుకపోయేటోళ్లు. నేను చాయ ఇచ్చి లోపటికి పోయేదాన్ని. అప్పుడే ఆ చాయ ఆయన మొఖం మీద పోస్తే పీడ పోయేది.

తెలంగాణ వచ్చినంక కొన్నేండ్లకు ఆయన కారు కొన్నడు. రోడ్డు మీద పెడితే కోతులు పక్క అద్దం ఊడవీకినయి. పగిలిన అద్దం చేతుల పట్టుకొని ఆయన నిలవడ్డ తీరు చూడాలె. కన్నతల్లి పోయిననాడు గూడ గంత దుఃఖం లేకుండె ఆ మనిషికి. ఆ రోజుకెల్లి ముందటి అర్ర మీద కన్ను పడ్డది. "కారుకు జాగ లేదు గానీ నీ గుంతకు ఉన్నదా" అని రోజు ఒక్కసారన్న అనేటోడు. నేను ఇననట్టే నేసేదాన్ని.

గా ఎండకాలంలనే మా నాయిన పోయిండు. నేను బస్సెక్కి పోయిన. ఈయన మట్టి చేసే యాల్లకు వచ్చి, కాళ్లు కడుక్కొని, ఆఫీసుల పని ఉన్నదని ఎనుకకు తిరిగిండు. దినాలయ్యేదాక నేను అక్కడనే ఉన్న. తిరిగొచ్చి చూస్తె ముందటి అర్రకు తలుపు లేదు, షటరున్నది. గుంత లేదు. మగ్గం లేదు. అర్రంత కాంక్రీటు పోసి నున్నగ గీకి ఉన్నది. ఆయన ఆ తడి నేల మీద గోనె సంచులు పరిచి నీళ్లు కొడుతున్నడు. నేను వాకిట్లనే సంచి కింద పెట్టి ఏడ్సిన.

"ఏడుస్తవేందే. పారెయ్యలే గదా. మక్తల్ల మా చెల్లె ఇంటికి పంపిన, ట్రాలీల ఏసి. మిద్దె మీద రేకుల షెడ్డు ఏపిస్త, గుంత అక్కర లేకుంట ఫ్రేమ్ మగ్గం లెక్క బిగిద్దాం. నీ నాయిన కట్టెనే, నీ నాయిన మగ్గమే" అన్నడు.

మా ఆడబిడ్డకు ఫోను చేసిన. "వచ్చింది వదినె. బర్రెల కొట్టంల గోడకు నిలవెట్టినం, మీద కవరు కప్పిన. ఏం ఫికర్ చెయ్యకు" అన్నది. మా ఆడబిడ్డ నోరు మంచిది, ఎప్పుడు తియ్యగనే మాట్లాడ్తది. నమ్మిన.

ఇగ కారు నేల ముచ్చట మొదలైంది. ఆయన ఆఫీసుల పెద్దసారు ఇంట్ల కారు షెడ్డుకు ఏదో కోటింగు ఏసిండ్రట, వంగితే మొఖం కనపడ్తదట. తిండి కాడ గదే ముచ్చట, పండే కాడ గదే ముచ్చట. నన్ను చేసుకునేటప్పుడు గూడ గంత ఆలోచన చేసి ఉండడు. రంగుల దుకాణం ఆయనను ఇంటికే పిలిపిచ్చిండు. ఆ మనిషి మంచిగనే అన్నీ ఇప్పి చెప్పిండు. మామూలు రంగు ఏస్తె టైరు వేడికి పొరలు పొరలు లేస్తది. టైల్సు ఏస్తె జాకీ పెట్టిన కాడ పగుల్తయి. బండలు ఏస్తె నూనె తాగుతయి, మరక పోదు. ఎపాక్సీ అని రెండు డబ్బల మందు ఉంటది, రెండు కలిపి రోలరుతోని ఏస్తె రాయి లెక్క గట్టిపడ్తది, నూనె పడ్డా బట్టతోని తుడుస్తె పోతది.

"గానీ సార్, దీనికి పగోళ్లు ఇద్దరున్నరు. మీదికెల్లి ఎండ పడితే రంగు పచ్చవడ్తది, దానికి పైన ఇంకో కోటు ఉన్నది. కిందికెల్లి తేమ వస్తె మాత్రం మందు లేదు, ఉబ్బి లేస్తది" అన్నడు.

రంగుల అట్ట ఇప్పిండు. మా ఆయన తెల్లది చూపిచ్చిండు, మళ్ల ఎర్రది చూపిచ్చిండు. తెలుస్తలేదు ఆయనకు. అట్ట నా ముంగట ఏసి "నువ్వు చెప్పు, రంగులు నీకే తెలుసు" అన్నడు. పెండ్లయిన నాటికెల్లి ఆ నోటి నుంచి గసొంటి మాట ఇనలే. నేను అట్ట తీస్కపోయి ఎండల పెట్టి చూసిన, నీడల పెట్టి చూసిన. తెలుపు మీద టైరు మచ్చలు దాగవు, ఎరుపు కొన్నొద్దులకు పాలిపోయి పాతబడ్తది అని చెప్పిన. ఒక నీలం ఉండె అండ్ల, బూడిద కలిసిన నీలం. మా నాయిన రంగు గోలెంల నూలు ముంచి తీసి దండెం మీద ఆరేస్తె, సగం ఆరినప్పుడు వచ్చే రంగు. అది చూపిచ్చి "ఇది ఎయ్యండి, దుమ్ము గూడ కనపడది" అన్న. ఎంత సంబురంగ చెప్పిన్నో. దినాలు చేసొచ్చిన ఆడదాన్ని, నాయిన రంగు దొరికిందని మురిసిన. తల్చుకుంటె ఇప్పుడు గూడ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తది.

చాయ పెట్టనీకె లోపటికి పోయిన. వంటింటి కిటికీ షటరు పక్కనే ఉంటది, మాటలన్ని ఇనవడ్తయి. దుకాణం ఆయన అడుగుతున్నడు, "సార్, మీద అమ్మకు రేకుల షెడ్డు అన్నరు గదా, దాని నేలకు గూడ ఒక్కసారే ఏద్దామా" అని.

మా ఆయన మెల్లగ నవ్విండు. "షెడ్డు లేదు, గిడ్డు లేదు. ఆమె ఏదో అంటది, అననీయ్. నేల అయ్యేదాక జర మంచిగ మాట్లాడాలె గదా. ఎక్కిరిస్తె రంగు ఎవలు చెప్తరు."

చాయ పొంగి పొయ్యి మీద పోయింది. తుడిచి, మళ్ల పెట్టి, రెండు గ్లాసులల్ల పోసి తీస్కపోయి ఇచ్చిన. శక్కెర సరిపోయిందా అని గూడ అడిగిన.

దుకాణం ఆయన పోయేటప్పుడు ఒక పని చెప్పిండు. మందపాటి ప్లాస్టిక్ కవరు నేల మీద పరిచి, నాలుగు దిక్కుల టేపు ఏసి, ఒక్కరోజు ఉంచాలె. తెల్లారి తీస్తె కింద నీటి చుక్కలుంటే ఫోను చెయ్యాలె, అప్పుడు కోటింగు ఎయ్యొద్దు. మా ఆయన సరేనన్నడు. కవరు తెచ్చి యాడ ఏసిండో తెలుసా, షటరు కాడ, పొద్దంత ఎండ వడే కాడ. లోపటికి వంగితే ప్యాంటు మాస్తదని. అర్ర నడుమ, గుంత ఉన్న కాడ, ఏసిన పాపాన పోలే.

నేత ఇంట్ల పుట్టినోనికి ఎవ్వరు చెప్పాలె. మగ్గం గుంత ఎప్పుడు ఎండనియ్యరు. ఎండకాలం వస్తె పడుగు దారాలు ఎండి పుటుక్కు పుటుక్కున తెగుతయని గుంతల నీళ్లు పోస్తం, తడి ఇసుక నింపుతం. నేను పెండ్లయి వచ్చిన నాటికెల్లి పోసిన. నాకంటె ముందట వాళ్లమ్మ గూడ అదే గుంతల పోసింది, పిలగాడుగ ఉన్నప్పుడు ఈయనే చెంబుతోని అందిచ్చిండట. ఆ మన్ను ఎన్ని నీళ్లు తాగిందో ఆ మన్నుకే తెలవాలె. అదంత మర్చిపోయిండు. మర్చిపోవాలని కోరి మర్చిపోయిండు.

తెల్లారి కవరు తీసి "పొడిగున్నదే, చూడు" అన్నడు. వంగి చూసిన. "పొడిగనే ఉన్నది" అన్న. నేను అబద్ధం చెప్పలే, ఆయన చూపిచ్చిన కాడ పొడిగనే ఉండె. నవ్వు వస్తాంటె పైట అడ్డం పెట్టుకొని లోపటికి వచ్చిన.

నేల తయారైంది. మెరిసింది, ఎందుకు మెరవది. ఆఫీసోళ్లను పిలిచి చూపిచ్చిండు. నన్ను మాత్రం చెప్పులు ఇడిచి రమ్మన్నడు, షటరు ముంగట ముగ్గు ఎయ్యొద్దన్నడు, సుద్ద కాళ్లకంటుకొని లోపటికి వస్తదట. కారుకు ఉన్న మర్యాద నాకు లేకపాయె. నేను వానల కోసం చూసుకుంట కూసున్న. మా వూళ్లె రైతులు గూడ గంతగనం చూసి ఉండరు.

ముసురు పట్టినంక అర్ర నడుమ మొదటి బుడిపె లేచింది, పూరి ఉబ్బినట్టు. ఆయన ఆఫీసుకు పోయినంక వేలుతోని ఒత్తిన. పటుక్కున పగిలి లోపలికెల్లి నీళ్లొచ్చినయి. నాకు కడుపు నిండినట్టయింది. తర్వాత పక్కన ఇంకోటి, ఇంకోటి. కొన్నొద్దులకు ఆ బుడిపెలన్ని కలిసి సక్కగ గుంత ఆకారమే పడ్డది. ఆయనకు పిచ్చి లేచింది. "సావు ఇంటికెల్లి వచ్చి మైల కాళ్లతోని తొక్కినవు, అందుకే గిట్లయింది" అన్నడు. మా నాయిన సావును తెచ్చి తన కారు కిందికి ఏసిండు. ఒకనాడు ముందటి చక్రం కింద కాంక్రీటు పర్రున పగిలి, కారు ఒక దిక్కు ఒరిగింది.

దుకాణం ఆయన వచ్చి సుత్తెతోని కొట్టి చూసిండు. నడుమ కొడితే డొల్ల సప్పుడు. "కింద బోలుగున్నది సార్. పగలగొట్టి తవ్వాలె, మంచిగ నింపి మళ్ల పొయ్యాలె" అన్నడు.

"వద్దు. తవ్వుడు వద్దు. పైనే ఇంకింత మందంగ ఎయ్యి" అన్నడు మా ఆయన. మొఖం తెల్లగ పాలిపోయింది. నాకు సమజ్ కాలే. గంత ప్రేమగ చూసుకునే కారు ఒరిగి ఉంటే, తవ్వుడు వద్దంటడేంది అనుకున్న. దుకాణం ఆయన ఒప్పుకోలే. ఇద్దరు కూలోళ్లు గడ్డపారలు పట్టుకొని దిగిండ్రు.

కాంక్రీటు పెంకులు తీసినంక మొరం మన్ను వచ్చింది కొంచెం. దాని కింద కట్టె. గొడ్డలితోని నరికిన టేకు కట్టె, ముక్కలు ముక్కలు, ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగ ఏసి. కూలాయన ఒక్కొక్కటి తీసి బయట పెడుతున్నడు. బట్ట చుట్టే కట్టె, పక్క గుంజలు. నేను నిలవడి చూస్తున్న. ఇంక గూడ నా బుర్ర ఒప్పుకుంటలేదు, ఏదో పాత కట్టె కావచ్చు అంటున్నది. అప్పుడు కూలాయన చేతికి ఒక సన్నటి కర్ర వచ్చింది. తీసుకొని మన్ను తుడిచిన. బొటనేలు గుంత ఉన్నది దాని మీద.

మా ఆయన దిక్కు చూసిన. "మొరం ట్రాక్టరు ఒక్కటే వచ్చింది. తక్కువ వడ్డది" అన్నడు. అంతే. మా నాయిన పిండాలు కాకులకు పెడుతున్న పొద్దుల్ల, మొరం తక్కువ వడ్డదని ఇక్కడ మా నాయిన మగ్గం నరికి గుంతల నింపిండు.

నేను ఏడుస్త అనుకున్న, ఏడుపు రాలే. ఫోను తీసి స్పీకరు పెట్టి మా ఆడబిడ్డకు చేసిన. కూలోళ్లు పని ఆపిండ్రు.

"మగ్గం ఎట్లున్నదమ్మా" అన్న.

"మంచిగున్నది వదినె. నిన్ననే దుమ్ము దులిపి గ్యాసునూనె రాసిన, చెద పట్టకుంట."

"తొక్కుడు కర్రలు ఉన్నయా? జర పోయి చూసి చెప్పు."

"ఉండు వదినె" అని ఫోను పక్కన పెట్టింది. అడుగుల సప్పుడు ఇనవడ్డది. బర్రె అరిసింది. కొంచెంసేపటికి మళ్ల వచ్చింది. "ఉన్నయి వదినె, రెండు ఉన్నయి. కండ్లార చూసొచ్చిన."

"మంచిది. పైలంగ చూసుకో" అని పెట్టేసిన. మా ఆయన కారు దిక్కే చూస్తున్నడు. దుకాణం ఆయన తల వంచుకొని అడిగిండు, "అమ్మా, మళ్ల అదే రంగు ఎయ్యాల్నా" అని. అదే ఎయ్యమన్న.

గుంత నిండ కాంక్రీటు పోసిండ్రు, మంచిగ ఆరనిచ్చిండ్రు, నడుమనే కవరు ఏసి చూసిండ్రు. మళ్ల ఉబ్బలే. కారు అండ్లనే పండుతది. నేను మళ్ల నెయ్యలే. ఆ కర్ర మాత్రం టీవీ పక్కన గోడకు నిలవెట్టిన, కూసుంటే ఆయన కండ్ల ముంగటనే ఉంటది. నిజం బయటపడ్డదని మీ చెల్లెకు చెప్తే ఈ కర్ర పట్టుకొని మీ ఆఫీసుకు వస్త, అందరి ముంగట చెప్త అన్న. ఆఫీసంటే భయం ఆయనకు. ఇప్పటిదాక చెప్పలే.

అందుకే నేను ఫోను చేస్తనే ఉంట. ఆయన కంచం ముంగట కూసున్నప్పుడే చేస్త, స్పీకరు పెట్టి. మా ఆడబిడ్డ పాపం రోజురోజుకు కష్టపడ్తాంది. ఒకసారి ఎలుకలు కొరికితే బాగు చేపిచ్చిన అన్నది, ఒకసారి వాన తడవకుంట అర్రలకు మార్చిన అన్నది. మొన్న గూడ అడిగిన. ఆయన చేయి అన్నంల ఆగింది.

"నీకెందుకు రంది వదినె. మీ నాయిన చేయించిన కట్టె గదా, ఏం గాదు" అన్నది.