మొద్దుబారిన చోట లాగినట్టు

దయ్యాలు, గాలి సోకడాలు అంటే నాకు ఎప్పుడూ నమ్మకం లేదు. చిన్నప్పుడు బంగారుపాళ్యంలో మా మామిడితోటలో ఏదో తెల్లగా ఊగుతోందని అందరూ జడుసుకుంటే, టార్చిలైటు పట్టుకుని వెళ్ళి అది ఆరేసిన పంచె అని చూసొచ్చాను. పెద్దయ్యాక తిరుపతిలో సైన్సు టీచరునయ్యాను. కాబట్టి ఇది చదివి మీరేమైనా అనుకోండి. జరిగింది జరిగినట్టు చెబుతాను.

పుట్టుకతో వచ్చిన లోపం వల్ల నాకు కుడి రొమ్ము ఎదగలేదు. పదమూడో ఏటి నుంచి గుడ్డ మడిచి పెట్టుకుని తిరిగాను. అమ్మ పోయాక ఈ సంగతి మా మేనత్తకు తప్ప ఎవరికీ తెలియదు. చెల్లెలు జ్యోతికి కూడా తెలియనివ్వలేదు.

2003 వేసవి సెలవుల్లో చెన్నై వెళ్ళి ఆపరేషన్ చేయించుకున్నాను. లోపల సిలికాన్ సంచి పెట్టి రెండు వైపులా సమంగా చేశారు. ఇంట్లోవాళ్ళకు కడుపులో గడ్డ తీశారని చెప్పాము. తిరుచానూరు దగ్గర మా అద్దె ఇంట్లో అత్త నాకు తోడుగా ఉంది. జ్యోతికి అప్పుడు ఎనిమిదో నెల, చిత్తూరులో అత్తగారింట్లో ఉంది.

ఏ శబ్దం వచ్చినా, ఏ నొప్పి పుట్టినా టైము వేసి నోటుబుక్కులో రాయమని డాక్టరమ్మ చెప్పింది. మూడో రోజే రాయాల్సి వచ్చింది. పక్కకు తిరిగితే బిందెలో నీళ్ళు కదిలినట్టు గుడగుడ. చెయ్యి ఎత్తితే బెలూను రుద్దినట్టు కీచుమనడం. అత్తకు కూడా వినబడేది. "ఏమ్మే, లోపల కప్పల్ని పెట్టి కుట్టేసినారా?" అంది. నవ్వితే కుట్లు లాగాయి.

ఫోన్ చేస్తే డాక్టరమ్మ భయపడొద్దంది. లోపల మిగిలిన గాలి, నీరు కొన్ని వారాల్లో పోతాయట. అప్పుడప్పుడు కరెంటు కొట్టినట్టు చురుక్కుమంటే అది నరాలు తేరుకోవడమట. ఇవన్నీ నాకు అర్థమయ్యాయి. చర్మం మాత్రం పూర్తిగా మొద్దుబారి ఉంది. పిన్నీసు మొనతో తాకినా తెలిసేది కాదు.

పదకొండో రోజు మధ్యాహ్నం మూడుంపావుకు ఒక నిమిషం తక్కువ. కూర్చుని పేపరు చదువుతున్నాను. ఆ మొద్దుబారిన చోట ఎవరో నోటితో పట్టి లాగినట్టయింది. మూడు లాగుళ్ళు, కాస్త ఆగడం, మళ్ళీ మూడు. నొప్పి లేదు. వెచ్చగా ఉంది. పన్నెండు నిమిషాలు అలాగే సాగి ఆగిపోయింది.

అత్తకు చెబితే చేతిలో బియ్యం చేట పక్కన పెట్టేసింది. ముగ్గురు బిడ్డల్ని పెంచిన మనిషి. "పాలు తాగే బిడ్డ అట్లనే లాగుతాది మే. నీకెట్ల తెలిసె?" అంది.

రెండు గంటలయ్యాక మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత రాత్రీ పగలూ వస్తూనే ఉంది. భయం వేయలేదంటే నమ్మండి. ఒక వింత సంబరం. అది మొదలైన మూడో రోజు పొద్దునకు పదిహేడు సార్లు రాశాను.

ఆ పొద్దునే కిందింటి ఓనరు వాళ్ళకు మా మరిది, జ్యోతి భర్త, ఫోన్ చేశాడు. జ్యోతికి నెల ముందే ఆడపిల్ల పుట్టి నాలుగు రోజులైందట. నేను ఆపరేషన్ అయి పడుకుని ఉన్నానని, కంగారు పడతానని చెప్పలేదట. బిడ్డ రెండు రోజులు రొమ్ము పట్టలేదని, బతకదేమోనని అందరూ ఏడ్చారట.

"మొన్న మద్దేనం మూడు దాటినాక పట్టింది వదినా. ఇప్పుడు బాగుండాది," అన్నాడు.

రిసీవరు పెట్టేసి, పైకెళ్ళి నోటుబుక్కు సంచిలో వేసుకున్నాను. అత్త వద్దంటున్నా అప్పుడే చిత్తూరు బస్సెక్కాను. దారి పొడుగునా ఎత్తుపల్లాలు వచ్చినప్పుడల్లా అత్త నా ఎదకు దిండు అదిమి పట్టుకుంది.

బిడ్డ బరువు తక్కువని ఆసుపత్రిలో నర్సులు ప్రతిసారీ పాలు పట్టిన టైము ఒక కాగితం మీద రాస్తున్నారు. అది మంచానికి వేలాడుతోంది. దాని పక్కన నా నోటుబుక్కు పెట్టాలంటే జ్యోతికి అంతా చెప్పాలి. చెప్పాను. అది నా చెయ్యి పట్టుకుని, "ఇన్నేండ్లు నాకు చెప్పకుండా ఎట్ల మోసినావక్కా?" అని ఏడ్చింది.

తర్వాత ఇద్దరం కలిసి చూశాము. వాళ్ళ కాగితంలో మొదటిది మూడు పది, నాది మూడు పద్నాలుగు. తర్వాతిదీ నాలుగు నిమిషాలు తేడా. అన్నిటిలోనూ అదే నాలుగు నిమిషాలు. మా గోడగడియారం కొంచెం ముందు నడుస్తుంది. కానీ ఆ పొద్దుటి దాకా వాళ్ళవి ఇరవై ఉన్నాయి, నావి పదిహేడే. నాకు లేని మూడింటినీ వేలితో చూపించాను.

జ్యోతి ఆ మూడు టైములు మళ్ళీ చూసింది. "ఆ మూడు తూర్లు నేను నిద్రపోతా ఉంటి. మా అత్తగారు ఉగ్గుగిన్నెతో పాలు పట్టింది," అంది.

పరీక్షించకుండా ఉండలేకపోయాను. చెవుల్లో దూది పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. నీకు తోచినప్పుడు బిడ్డకు అందించు, మధ్యలో తీసి మళ్ళీ ఇవ్వు, నాకేమీ చెప్పొద్దన్నాను. లాగినట్టు తెలిసినప్పుడల్లా చెయ్యి ఎత్తాను. మూడు సార్లు ఎత్తాను. తిరిగి చూస్తే తలుపు దగ్గర అత్త రెండు చేతులూ జోడించి నిలబడి ఉంది. జ్యోతి ఒకేసారి నవ్వుతూ ఏడుస్తూ మూడు వేళ్ళు చూపిస్తోంది.

ఆ సాయంత్రంతో అది ఆగిపోయింది. మళ్ళీ ఎన్నడూ రాలేదు.

నెల తర్వాత చెన్నైలో డాక్టరమ్మ నోటుబుక్కు, ఆ కాగితం రెండూ ముందు పెట్టుకుని టైములు ఒక్కొక్కటీ పోల్చి చూసింది. నరాలు తేరుకునేటప్పుడు ఏమైనా అనిపించవచ్చంది. మరి టైములు అని అడిగాను. ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మీ చెల్లెలి బిడ్డ ఎలా ఉంది అని అడిగింది. బాగుంది, బరువు పెరిగింది అన్నాను.