కూర్చుని నడిచినవాడు

మా తమ్ముడు ఉమాశంకర్ రోజుకి పద్నాలుగు వేల అడుగులు నడిచేవాడు. నా మాట కాదు, వాడి చేతి వాచీ చెప్పేది. ఆ వాచీ కొనిచ్చిన మహాతల్లిని నేనే.

శంకర్ గూడ్సు బండి లోకో పైలట్. ఇంజను నడిపేవాళ్లకి నాలుగేళ్లకోసారి రైల్వే ఆస్పత్రిలో మెడికల్ ఉంటుంది. కన్ను, రక్తపోటు, చక్కెర అన్నీ చూస్తారు. అందులో తప్పితే ఉద్యోగం పోదుగానీ ఇంజను దిగిపోవాలి, ఏ ఆఫీసులోనో ఓ కుర్చీ చూపిస్తారు. ఆ మాటెత్తితే చాలు, వాడి మొహం మాడిపోయేది. శ్రీకాకుళం నుంచి ఖరగ్‌పూర్ వచ్చిన దగ్గర్నుంచీ మా ఇంటి మగాళ్లంతా వర్క్‌షాపులో ఇంజన్లకు నట్లు బిగించినవాళ్లే. ఇంజను నడిపినవాడు మాత్రం వీడొక్కడే.

మెడికల్ ఏడాది ఉందనగా వాడి పొట్ట చూసి నాకు ఒళ్లు మండింది. డ్యూటీకి ఏ వేళప్పుడు పిలుస్తారో తెలియదు, పిలిచాక ఎప్పుడు వదులుతారో తెలియదు, తిండి ఎక్కడ దొరికితే అక్కడే. అంతవరకూ వాడి తప్పేం లేదు. ఇంటికొచ్చాకైనా కాలు కదపొద్దా? ఫోను పట్టుకుని తుపాకుల ఆట. ప్రేమ్ బజార్‌లో గదులు తీసుకుని చదువుకునే తెలుగు కుర్రాళ్లు ముగ్గురు వాడి జట్టు. ముప్పై ఎనిమిదేళ్ల మనిషి మంచం మీద పడుకుని "ఎనకాలున్నాడ్రా, కాల్సు, కాల్సు" అని కేకలు పెడుతుంటే మరదలు నీలవేణి తల పట్టుకునేది.

"ఇంజన్లో పది గంటలు రెప్పెయ్యకుండా కూకుంటానక్కా. ఈ ఆటొక్కటే నా బుర్రకి రెస్టు," అనేవాడు.

"బుర్రకి సరే. కాళ్లకి ఎక్సర్‌సైజు మన నాన్నొచ్చి సేస్తాడేటి?" అన్నాను.

ఖరిదా బజారుకెళ్లి అడుగులు లెక్కపెట్టే వాచీ తెచ్చి వాడి చేతికి తగిలించాను. డ్యూటీ ఉన్న రోజు పదివేల అడుగులు నడిస్తేనే ఫోను ముట్టాలని ఒట్టేయించుకున్నాను.

మొదటి వారంలోనే వాచీ చూపించాడు. పన్నెండు వేలు. మర్నాడు పద్నాలుగు వేలు. "నేనే అనుకోలేదక్కా. బండి సుట్టూ తిరగడం, యార్డులో నడవడం, అన్నీ కలిసి ఇంతవుతున్నాది," అన్నాడు. నేను నమ్మాను. వాడూ నమ్మాడు, అదీ మా ఖర్మ. రెస్టు రోజున మాత్రం వెయ్యి దాటేది కాదు. రెస్టంటే రెస్టే కదా అనుకున్నాం. నా తమ్ముడు దారిలో పడ్డాడని మా న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ అంతా చెప్పుకుని మురిశాను. ఆదివారం భోజనానికి పిలిచి నాలుగు బూరెలు ఎక్కువే వడ్డించాను. "తినరా, రేపు నడిసేస్తావులే," అనేదాన్ని. వాడు తినేసి, వాచీ వంక ఓసారి చూసుకుని, నిశ్చింతగా ఆటలో పడేవాడు.

నీలవేణి ఒకసారి అంది: "వదినా, అన్నేసి అడుగులు నడిసినోడి సెప్పులు అరగవేటి?"

"మొగుడు బాగుపడతంటే ఓర్సుకోలేవేటి?" అని దాని నోరు మూయించాను. ఆ మాట అన్నందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

మెడికల్ రోజు వచ్చింది. చక్కెర మూడువందలు దాటింది. డాక్టరు వాడి కళ్లలో మందు వేసి, లోపలికి లైటు కొట్టి చూశాడట. శంకర్ వాచీ విప్పి ఆయన ముందు పెట్టాడు. ఆ బెంగాలీ పెద్దమనిషి ఓపిగ్గా ఏడాది అంకెలూ చూశాడు.

"డ్యూటీలో ఈ చెయ్యి ఎక్కడ పెడతావు దాదా?" అని అడిగాడు.

"హ్యాండిల్ మీద," అన్నాడు వీడు.

ఇంజను అదిరితే చెయ్యి అదిరింది. చెయ్యి అదిరిన ప్రతిసారీ వాచీ ఓ అడుగు రాసుకుంది. ఖరగ్‌పూర్ నుంచి టాటానగర్ దాకా నా తమ్ముడు కుర్చీలో కూర్చునే నడిచాడు.

చక్కెర కంటి వెనక నరాలు పాడుచేసిందని, ఇంజనుకి పనికిరాడని రాసిచ్చారు. అప్పీలు పెట్టుకోవడానికి నెల గడువు.

"నా కళ్లకేటీ అవలేదు. ఆయనే పొరబడ్డాడు," అన్నాడు శంకర్. ఫోన్లోంచి ఆట తీసేశాడు. అన్నం సగం చేశాడు. పొద్దున్నే మైదానం చుట్టూ ఈసారి నిజంగా నడిచాడు, కాళ్లు బొబ్బలెక్కేలా. మూడు వారాల్లో చక్కెర దిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. దేవుడున్నాడనుకున్నాను.

అప్పీలు కాగితం సిద్ధమైన రోజు సాయంత్రం వాడు మా ఇంటికొచ్చాడు. "సంతకం ఎట్టేముందు ఓసారి సూసుకుందాం రా అక్కా," అని నన్ను స్టేషను దగ్గర పట్టాల మీది వంతెన మీదకి తీసుకెళ్లాడు.

ఇంజనులో ఒక పద్ధతి ఉంది. సిగ్నలు కనబడగానే పైలట్ చెయ్యి చాచి దాని రంగు పైకి చెప్పాలి. పక్కనున్న అసిస్టెంటు తన కంటితో చూసి, తానూ పైకి చెప్పాలి. ఇద్దరి మాటా కలవాలి.

"ఈయాల నువ్వే నా అసిస్టెంటువి. నాకోసం సెప్పకు, సూసి సెప్పు," అన్నాడు.

దగ్గరి సిగ్నలుకి చెయ్యి చాచాడు. "పసుపు."

"పసుపు," అన్నాను.

పక్క లైనుకి తిప్పాడు. "ఎరుపు."

"ఎరుపు," అన్నాను. వీడు గెలిచేలా ఉన్నాడు.

మూడోది దూరంగా, గూడ్సు లైను మీద ఉంది. ఆ వేళకి అక్కడ రోజూ పచ్చ వెలిగించి దారి ఇస్తారని వాడికి పదేళ్ల అలవాటు. చెయ్యి చాచి, డ్యూటీలో పలికే గొంతుతో గట్టిగా అన్నాడు: "పచ్చ."

నేనూ అటు చూశాను. నేను కూడా పచ్చ అంటే చాలు, వాడు వెళ్లి సంతకం పెట్టేస్తాడు. చిన్నప్పుడు ఎత్తుకు తిరిగిన తమ్ముడు. అనేద్దామా అనుకున్నాను కూడా.

"సెప్పక్కా," అన్నాడు.

"ఎరుపు," అన్నాను.

చాచిన చెయ్యి దించలేదు. ఆ దూరం వైపే కళ్లు చికిలించి చూస్తూ, "ఇంకోపాలి సూసి సెప్పు," అన్నాడు.

చూశాను. "ఎరుపేరా, శంకరా," అన్నాను.