రెండిళ్ళ బియ్యం

నా చిన్నప్పుడు మా ఇంట్లో పేపరు చదివేది నేనే. బడికి పంపకపోయినా మా నాయన ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించాడు. పొద్దున్నే నానమ్మ దీపం పెట్టి గడప దగ్గర కూర్చుంటే, నేను పైకి చదివి వినిపించాలి. నా చదువుకు అదే పరీక్ష.

సికింద్రాబాద్ స్టేషన్ వెనక రైల్వే క్వార్టర్లలో నాయన, నానమ్మ, నేను ఉండేవాళ్ళం. మా నాయన ఇంజన్ డ్రైవరు. పక్కింటి అక్క భర్త అదే ఇంజన్లో బొగ్గు వేసేవాడు. ఇద్దరూ కలిసి డ్యూటీకి వెళ్ళేవారు, కలిసే వచ్చేవారు. మసి కడుక్కునేదాకా ఎవరెవరో మాకే తెలిసేది కాదని అక్క నవ్వేది.

ఒక వానాకాలం పొద్దున చదువుతూ చదువుతూ ఆగిపోయాను.

"ఏందే, గొంతు పోయిందా? చదువు" అంది నానమ్మ.

చదివాను. వరదకు పట్టాల కింది కట్ట కోసుకుపోయి గూడ్సు బండి పడిపోయింది. ఇంజన్లోని ఇద్దరిలో ఒకరు చనిపోయారు, ఒకరికి గాయాలు. పేర్లు వేయలేదు. ముందురోజు మావాళ్ళు ఎక్కిన బండి అదే.

నానమ్మ దీపంలో వత్తి ఎగదోసింది. తర్వాత పక్కింటికి వెళ్ళి, చంటిపిల్లతో సహా అక్కను వెంటబెట్టుకొచ్చింది. ఏమీ దాచలేదు. ఆ నాలుగు వరుసలూ నాచేత మళ్ళీ చదివించింది. అక్క చంటిదాన్ని ఒళ్ళో వేసుకుని గోడకు ఆనుకుని కూర్చుంది. నానమ్మ రోజూ కొలిచే రెండు సోలలకు ఇంకో రెండు సోలలు కలిపి, బియ్యం చేటలో పోసి ఆమె ముందు పెట్టింది.

"ఇయ్యాల రెండిండ్లకు ఒక్కటే పొయ్యి. రాళ్ళేరు బిడ్డా."

నాకు ఒళ్ళు మండిపోయింది. "నాయన ఏమైండో తెల్వదు, నీకు బువ్వ కావాల్నా?" అన్నాను. నానమ్మ కొట్టలేదు. చేటలో కొంత నా ముందుకూ తోసింది. ముగ్గురం ఏరాం. నానమ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఏ దేవుణ్ణి ఏమని అడుగుతోందో అప్పుడు నేను ఆలోచించలేదు. ఒకరి ప్రాణం అడిగితే రెండో మనిషి పోవాలని అడిగినట్టే. అంత పొద్దూ ఆమె ఏమని మొక్కిందో ఇప్పటికీ నాకు తెలియదు.

అన్నం ఉడికే వేళకు స్టేషన్ నుంచి ఒకాయన సైకిల్ మీద వచ్చాడు. తడిసిన టోపీ తీసి, మా ఇంట్లోకి తొంగి చూసి, అక్క కనబడగానే తల దించుకున్నాడు. "చెల్లే..." అన్నాడు. అంతే.

"మా నాయన కాదు!" అని అరిచాను నేను. ఎగిరి గంతేశాను కూడా. అక్క నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

చావు జరిగిన ఇంట్లో పొయ్యి ముట్టించరు. ఇరుగుపొరుగే వండిపెట్టాలి. ఆ రోజు ఎవరూ పరుగెత్తి వండాల్సిన పని పడలేదు, మా పొయ్యి మీద అన్నం అప్పటికే వండి ఉంది. సాయంత్రం దాకా ఏడ్చిన అక్కకు నానమ్మ ముద్దలు కలిపి పెట్టింది. "ఒక్క బుక్క తిను బిడ్డా. చంటిదానికి పాలు పడాలె."

మర్నాడు నాయన చేతికి కట్టుతో వచ్చాడు. మా గడప ఎక్కకుండా ముందు అక్క గడప మీద కూర్చున్నాడు. అంత బియ్యం ఎందుకు పోశావని అప్పుడు నానమ్మను అడిగాను.

"వార్త ఎవరింటికొస్తదో నాకేం ఎరుక? ఎవరింటికొచ్చినా ఆకలైతది గదా" అంది. నేను అరిచిన మాట మాత్రం ఎన్నడూ ఎత్తలేదు.

ఇప్పుడు నేరేడ్‌మెట్‌లో ఉంటున్నాను. వార్తలు ఫోన్‌లో వస్తాయి, రోజంతా వస్తాయి, అన్నీ దూరపు గడపలవే. నా గిన్నె అక్కడిదాకా పోదు. అయినా చెడ్డ వార్త విన్నరోజు ఇంకో సోలెడు బియ్యం పోసి రాళ్ళేరుతాను. సంచి బియ్యంలో ఇప్పుడు రాళ్ళుండవు, చేతులు మాత్రం వెతుకుతాయి. వండింది మా సందులో ఎవరో ఒకరికి అందుతుంది.

పొద్దుగూకి మావాళ్ళంతా ఇల్లు చేరాక దేవుడికి దండం పెట్టుకుంటాను. చాలా ఇచ్చావు స్వామీ అంటాను. ఆ మాట మాత్రం పక్కింటికి వినబడేలా అనను.