నాలుగు చుట్లు

తొమ్మిదేళ్లుగా నా అరచేతిలో ఒక నట్టు ఉంది. కంటికి కనిపించదు గానీ, స్టీరింగ్ పట్టుకున్నా, అన్నం కలుపుకున్నా దాని చల్లదనం తగులుతూనే ఉంటుంది. నా పేరు అడగకండి. వినండి చాలు.

నన్ను ఎవరు ఎప్పుడు ఏమన్నారో నేను మరిచిపోను. కాలనీ అసోసియేషన్ నుంచి గుడి కమిటీ దాకా నా ఫిర్యాదు అందుకోనివాళ్లు టెక్సస్‌లోని మా ఫ్రిస్కోలో తక్కువ. నా మీద మాత్రం ఎప్పుడూ రాసుకోలేదు.

అతన్ని మురళి అంటాను. రెండేళ్లు శనాదివారాలు అతని గరాజ్‌లో మేమిద్దరం ఒక కిట్ కారు కట్టాం. భాగాలు పెట్టెల్లో వస్తాయి, మనమే బిగించుకోవాలి. చక్రాలు ఆర్డర్ చేసింది నేను. ఆఫ్‌సెట్, అంటే చక్రం ఎంత లోపలికి కూర్చోవాలన్న కొలత, తప్పు చూశాను. వెనక చక్రాలు మరీ లోపలికి కూర్చుని సస్పెన్షన్‌కి రాసుకున్నాయి. వాటిని బయటికి జరపడానికి మురళి స్పేసర్లు తెప్పించాడు. చక్రం వెనక పెట్టే మందపాటి అల్యూమినియం బిళ్లలు. సాయం చెయ్యబోతే, నువ్వు పక్కన కూర్చో బాబూ, ఈసారి కొలతలు నేను చూసుకుంటా అన్నాడు. కూర్చున్నాను.

కారు పూజకి ఆరు కుటుంబాలు వచ్చాయి. చక్రాలకు కుంకుమ పెట్టే పని నాది. నేను వంగి పెడుతుంటే, మావాడు తెప్పించిన చక్రాలు కొత్త పెళ్లికూతుళ్లు, సిగ్గుపడి లోపలికి పోయాయి అని మురళి అందరికీ చెప్పాడు. పిల్లలు కూడా నవ్వారు. అప్పుడే ఎడమ వెనక చక్రం దగ్గర గమనించాను. బోల్టు కొస నట్టు లోపలే ఎక్కడో ఆగిపోయింది. స్పేసర్ మందానికి తగ్గ పొడవు బోల్టులు వెయ్యలేదు. నిమ్మకాయల కోసం అందరూ లోపలికి వెళ్లినప్పుడు పానాతో ఒక నట్టు విప్పి చూశాను. నాలుగు చుట్లకే చేతిలోకి వచ్చేసింది. కనీసం ఎనిమిది ఉండాలి. నాకు తెలుసు. తిరిగి బిగించి, చెదిరిన బొట్టు మళ్లీ దిద్దాను.

మురళి సీట్లో కూర్చుని మెల్లగా అడిగాడు.

"అంతా ఓకేనా రా?"

"ఓకే. కొలతలు నువ్వు చూశావుగా."

ఇలా జరుగుతుందని అనుకున్నానా? లేదు. నిజంగా లేదా? చక్రం కాస్త ఊగుతుంది, వాడు దిగి చూసుకుంటాడు, నలుగురిలో తల దించుకుంటాడు, అంతవరకే అనుకున్నానని ఇన్నేళ్లూ నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను, కానీ ఊగే చక్రం ఎక్కడ ఆగుతుందో నాకెవరు చెప్పారు?

తర్వాతి శనివారం హైవే పక్క రోడ్డులో ఆ చక్రం ఊడింది. కారు కాలవలోకి దిగింది. మురళి ఎడమ చీలమండ నుజ్జయింది.

ఆసుపత్రిలో అతనే నా చెయ్యి పట్టుకున్నాడు. అందరి ముందు నిన్ను అలా అనకుండా ఉండాల్సింది, పక్కన కూర్చోబెట్టకపోతే నా తప్పు నువ్వైనా పట్టుకునేవాడివి, సారీ రా అన్నాడు. జీవితంలో ఎంతమంది నుంచో ఎదురుచూసి పొందని మాట అది. పర్లేదులే అన్నాను. క్షమించాను. నేను, అతన్ని.

మురళి మళ్లీ పానా పట్టలేదు. ఇప్పటికీ పాట్‌లక్ విందులకి కుంటుకుంటూ వచ్చి, తన తెలివితక్కువతనమని ఆ కథ తనే చెప్పి నవ్విస్తాడు. నేను ప్లేటులోకి చూస్తూ ఉంటాను.

అతనికి చెప్పలేదు. చెబుతానో లేదో తెలియదు. మీకు మాత్రం చెబుతున్నాను. నట్టు విప్పాను. చుట్లు లెక్కపెట్టాను. నాలుగు. ఓకే అన్నాను.

ఇన్నాళ్లకి పిడికిలి తెరిచాను. నట్టు ఇంకా అక్కడే ఉంది.