రాత్రి ముఖానికి రంగు

మా రంగుల గదిలో అన్నిటికంటే ముందు ఖాళీ అయ్యే సీసా 'చర్మం రంగు'ది. గులాబీ ఛాయ కలిసిన లేత పసుపు అది. పెద్ద డబ్బాలోంచి చిన్న సీసాల్లోకి వంచి అందరి బల్లల మీదా పెట్టడం నా పని. చదువు మధ్యలో మానేసి నెరిమాలోని ఆ కార్టూన్ బొమ్మల స్టూడియోలో చేరిన రోజున నాకు ఆ పని నేర్పింది తోషిమి అక్క. మూత బిగిస్తూ, "దీనికి మాత్రం కొరత రానివ్వకు నాగిసా. ఇది అయిపోయిందంటే ఈ దేశంలో మనుషులే ఉండరు," అంది.

నవ్వాలో వద్దో తెలియక తల దించుకున్నాను. ఆమె చేతి రంగు ఆ సీసాలో రంగు కాదు. చిక్కగా కాగిన బార్లీ టీ రంగు.

ఇసెకి తోషిమి యొకొసుకాలో పుట్టింది. తండ్రి అక్కడి అమెరికా నౌకాదళంలో నల్లజాతి సిపాయి. అతని ఓడ వెళ్లిపోయిన తర్వాత ఆమె పుట్టింది. తల్లి ఇస్త్రీ అంగడిలో పనిచేస్తుంటే అమ్మమ్మ పెంచింది. ఆ ముసలమ్మ స్నానం చేయించేటప్పుడు తవుడు మూటతో మనవరాలి మొహం మంట పుట్టేదాకా రుద్దేదట. "పాపం, నన్ను మరపట్టించి తెల్లబియ్యం చేద్దామనుకుంది," అనేది అక్క. బళ్లో ఒకసారి ఎవరి మొహం వాళ్లు గీయమంటే, ఆమె పెట్టెలో 'చర్మం రంగు' అని పేరున్న క్రేయాన్ తీసి నిండుగా వేసుకుంది. టీచరమ్మ దాని మీద ఎర్ర సిరాతో పెద్ద పువ్వు గీసి మెచ్చుకుంది. ఆ సంగతి చెప్పినప్పుడు మాత్రం అక్క నవ్వేది కాదు.

రైల్లో కొత్తవాళ్లు ఆమెను చూసి, "అబ్బ, మా భాష ఎంత చక్కగా మాట్లాడతారండీ!" అనేవారు. "మీరూ పర్వాలేదండీ, బాగానే మాట్లాడుతున్నారు," అనేది. ఆ మాట అని రైలు దిగిపోయేది. ఒకప్పుడు బట్టల కొట్లో అమ్మకానికి నిలబడాలని ఆమెకు కోరిక. రెండు చోట్ల సామాను గదిలో పని ఇస్తామన్నారు గానీ ముందు బల్ల దగ్గరికి రానివ్వలేదు. అప్పుడు మా స్టూడియోకి వచ్చింది. గోడవైపు తిరిగి కూర్చుని, ఎడమ చేతికి తెల్ల నూలు తొడుగు వేసుకుని, గీతలు అచ్చయిన పారదర్శక ప్లాస్టిక్ పలకల వెనకవైపు రంగులు నింపే పని. నేను చేరేనాటికి ఆ గదికి ఆమే పెద్ద. ఏ బొమ్మకు ఏ రంగన్నది ఆమే రాసి ఇచ్చేది, మేం నింపేవాళ్లం.

చేతితో పలకలు నింపే ఆఖరి రోజులవి. కొన్ని స్టూడియోలు అప్పటికే కంప్యూటర్లు కొనుక్కున్నాయి. ఆ శీతాకాలంలో మా కింది అంతస్తుకి కురిమోతో అనే దర్శకుడు వచ్చాడు. మెడకు హెడ్‌ఫోన్లు, చంకలో రికార్డులు. అమెరికా నల్లవాళ్ల హిప్‌హాప్ అంటే అతనికి ప్రాణం. అతను తీస్తున్నది సమురాయ్ కథే, కానీ కత్తి ఒరలోంచి వచ్చేది డ్రమ్ము దెబ్బ మీద, శత్రువు కూలేది సూది రికార్డును గీరిన చప్పుడు మీద. వీరుడు ఎక్కడినుంచో ఓడలో వచ్చి కత్తి నేర్చుకుని, యజమాని లేకుండా తిరిగే నల్లని మనిషి. నడుస్తున్నా భుజం తాళం వేస్తూనే ఉంటుంది.

మొదటిసారి మా గదికి వచ్చినప్పుడు అక్కను చూసి కురిమోతో ముఖం వెలిగిపోయింది.

"తోషిమి గారూ, మీకేం చెప్పాలండీ! ఈ తాళం మీ రక్తంలోనే ఉంటుంది కదా!"

"నా రక్తంలో సోయా సాస్ ఎక్కువైందని డాక్టరు చెప్పాడు. తాళం సంగతి చెప్పలేదు," అంది అక్క. "పాటల్లో నాకొచ్చింది ఎన్కా ఒక్కటే. మందుకొట్టు మూసేవేళ మొగుడొదిలేసిన ఆడవాళ్లు ఏడుస్తూ పాడతారే, అవి."

అందరూ నవ్వారు. అక్క మాత్రం ఆ సాయంత్రం అందరూ వెళ్లేదాకా ఉండి, వీరుడి పగటి రంగును మట్టికీ దుంగలకీ వాడే సీసాలతో మొదలుపెట్టి, ఎరుపు చుక్కచుక్కగా కలిపి, ఆరాక చూసి, మళ్లీ కలిపింది. ఆ రంగు కుదిరాక తన చేతి తొడుగు తీసి, ఆ చేతిని రంగు పక్కన పెట్టి చూసుకుంది. నేను చీపురు పట్టుకుని తలుపు దగ్గర ఉన్నాను. చూడనట్టు ఊడ్చుకున్నాను.

పగటి సన్నివేశాలు బాగా వచ్చాయి. చిక్కు రాత్రి సన్నివేశంతో వచ్చింది.

మా గదుల్లో రాత్రికి ఒక పద్ధతి ఉంది. బొమ్మలో రాత్రయితే మనిషి మొహం, బట్టలు, కత్తి, అన్నీ రంగుసీసాల అరలో మూడు మెట్లు కిందికి దింపుతాం, ముదురు నీలం వైపు. ఎవరూ ఆలోచించరు. చెయ్యే అర దగ్గరికి వెళ్లిపోతుంది. తోషిమి అక్క కూడా అలాగే రాసి ఇచ్చింది. 'చర్మం రంగు' మూడు మెట్లు దిగితే అందమైన లేత ఊదా అవుతుంది. మా వీరుడి రంగు మూడు మెట్లు దిగితే జుట్టుకి వాడే నలుపు పక్కకు చేరుతుంది. అక్క అంతటి మనిషికి కూడా అది తట్టలేదు. ఇన్నేళ్లలో అలాంటి మొహానికి రాత్రి ఎప్పుడూ రాలేదు మరి.

కెమెరావాళ్లు తీసిన ముక్కను కింద చిన్న తెర మీద వేశారు. వంతెన కింద చీకటి, నది మీద వెన్నెల. డ్రమ్ము మొదలైంది. వీరుడు తల తిప్పాడు. మొహం లేదు. చీకట్లో రెండు కళ్లు, పళ్ల వరస, అంతే. గాలిలో తేలుతున్నాయి.

గదిలో ఎవరో ఫక్కున నవ్వారు. కురిమోతో. వెంటనే చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు గానీ ఆ నవ్వు మిగతావాళ్లకి అంటుకుంది. దీపాలు వెలిగాక ఎవరూ తోషిమి అక్క కూర్చున్న వైపు చూడలేదు.

నిర్మాణం చూసే ఉదగావా గారు గొంతు సవరించుకున్నారు. "ఇసెకి గారూ, తప్పు మీదని కాదు. కానీ ఇది టీవీలో పడితే జనం ఇలాగే నవ్వుతారు. అసలు టీవీ వాళ్లు ముందునుంచీ అంటున్నారు, కాస్త తెల్లబరచకూడదా అని. ఎండకు కమిలిన మనిషిలా చేద్దాం. పగలు, రాత్రి, మొదటి భాగం నుంచీ."

"ఒక్కసారి మళ్లీ వేస్తాను," అంది అక్క.

"రేపు మధ్యాహ్నం కెమెరావాళ్లు వచ్చి పట్టుకెళ్తారు. ఈ ఒక్కసారే. మళ్లీ నవ్వొచ్చిందంటే తెల్లబరచడమే."

ఇక ఆ రోజంతా మా గదిలో కలపడమే పని. తడి మీద ఒకలా, ఆరాక ఇంకోలా కనబడే రంగులవి. కలిపిన ప్రతిసారీ ఆరేదాకా కూర్చోవాలి. ఒకటి ఆరాక బూడిద పూసినట్టయింది. "శవం," అని అక్క పక్కకు తోసింది. ఇంకోటి బురద. ఇంకోటి మరీ తేలిగ్గా ఉండి, వెన్నెల్లో మనిషి మధ్యాహ్నం ఎండలో ఉన్నట్టున్నాడు. కురిమోతో చేతినిండా రికార్డు అట్టలు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు.

"వీళ్లను చూడండి తోషిమి గారూ. అన్నీ రాత్రి ఫోటోలే."

అక్క ఒక్కో అట్టా తిరగేసింది. "వీళ్లందరి మీదా ఎవరో దీపాలు పెట్టారు బాబూ. మనవాడు వంతెన కింద ఒంటరిగా ఉన్నాడు."

అతను అట్టలు సర్దుకున్నాడు, పోలేదు. "ఉదయం నేను నవ్వింది..."

"విన్నాను. నీ నవ్వు నాకు తెలుసులే. పనుంది, వెళ్లు."

ఐదు కావస్తుండగా చీకటి పడసాగింది. అక్క సిగరెట్టు పెట్టె తీసుకుని వెనక ఇనప మెట్ల మీదికి వెళ్లింది. కాసేపటికి ఆమె మరిచిపోయిన అగ్గిపెట్టె ఇవ్వడానికి నేనూ వెళ్లాను. మెట్ల కింద శీతల పానీయాలమ్మే యంత్రం తెల్లగా వెలుగుతోంది. అక్క కింది మెట్టు మీద కూర్చుని వీధి వైపు చూస్తోంది. నేను రెండు మెట్లు పైనే ఆగిపోయాను.

ఆమె మొహం చీకట్లో కలిసిపోలేదు. చీకటిపడేకొద్దీ గోడ పోయింది, చెట్టు పోయింది, ఆమె మాత్రం పోలేదు. చెంప ఎముక మీద, ముక్కు అంచున, పెదవి మీద నీలి తెలుపు వెలుగు సన్నగా పట్టుకుని ఉంది. తక్కిన మొహం కింద ఎరుపు కదిలే చిక్కని గోధుమరంగు. పక్కనే నా చెయ్యి రెయిలింగు మీద ఉంది. దాని మీద ఆ వెలుగు అలా నిలవలేదు, పిండి చల్లినట్టు మొత్తం పాలిపోయింది.

నాకు నలుగురిలో గొంతు పెగలదు. ఇద్దరిలోనూ కష్టమే. అయినా అన్నాను. "అక్కా, కదలకండి."

"ఏం, పురుగా?"

"కాదు. మీ మొహం. వెలుగు... నేను రంగులు తెస్తాను."

ఆమె మెల్లగా తిరిగింది. అంత చల్లని చూపు ఆమె దగ్గర నేనెప్పుడూ చూడలేదు. "నన్ను చూసి వేస్తావా?"

నేను ఒక మెట్టు దిగాను.

"పుట్టినప్పటినుంచీ చూస్తూనే ఉన్నారు నాగిసా. రైల్లో, స్నానాల ఇంట్లో, అంగట్లో. పిల్లలు వేలు పెట్టి చూపిస్తే తల్లులు వేలు దించుతారు గానీ వాళ్లు కూడా చూస్తారు. నువ్వొక్కదానివే చూడవు, అందుకే నీకు పని నేర్పాను. ఇప్పుడు నువ్వు కూడానా?"

"నేనూ చూశాను అక్కా," అన్నాను. "ఊడుస్తున్నప్పుడు. మీరు తొడుగు తీసి పోల్చుకున్న రోజు."

యంత్రం గుర్రుమని ఆగింది, మళ్లీ మొదలైంది. అక్క అగ్గిపెట్టె కూడా అడగలేదు. ఇప్పుడు లేచి వెళ్లిపోతే అంతేనని నాకు తెలుసు. రేపటికి ఆ వీరుడు ఎండకు కమిలిన మనిషవుతాడు.

"చూడు," అంది చివరికి. "కానీ దొంగచూపులొద్దు. చూసేదేదో తిన్నగా చూడు. పోతూ పోతూ ఆ కురిమోతో బల్ల మీద అద్దం ఉంటుంది, అది కూడా పట్రా."

బొమ్మలు గీసేవాళ్లందరి బల్లల మీదా చిన్న అద్దం ఉంటుంది. కోపం గీయాలంటే కోపంగా మొహం పెట్టి చూసుకుంటారు. మా రంగులవాళ్లకు అద్దాలుండవు. కురిమోతో ఎందుకని అడగలేదు, అద్దం ఇచ్చి నా వెనకే టార్చిలైటుతో వచ్చాడు. "దీపం ఆర్పవయ్యా, దీపం లేకుండానే కదా చూడాలి!" అని అక్క కసిరితే ఆర్పేసి, చలికి బిగుసుకుని పై మెట్టు మీద నిలబడ్డాడు.

అక్క అద్దంలో చూసుకుంది. చాలాసేపు. ఆ తర్వాత మాట్లాడింది పని మాటలే. "మూడు మెట్లు దింపొద్దు. ఒక్కటే. నీలం వైపు కాదు, ఎరుపు వైపు. చెంప మీద అంచు చూడు, నీలి తెలుపు. గడ్డం కింద సన్నగా."

పైకి వెళ్లి కలిపాం. ఆరేదాకా ముగ్గురం ఆ పలక చుట్టూ నిలబడ్డాం. ఆరింది. పలకలోని మొహం చీకటి కాగితం మీద పెట్టినా పోలేదు.

కానీ ఆ వెలుగు అంచుకి బొమ్మల మీద గీత లేదు. గీసినవాళ్లు గీయలేదు. ప్రతి పలక మీదా కుంచెతో మేమే దించాలి, ఒకదాని తర్వాత ఒకటి, జారకుండా. ఒక పలకలో వెంట్రుకవాసి పక్కకు పోతే తెర మీద వెలుగు పాకుతుంది. పలకల గుట్ట గదిలోవాళ్లందరం పంచుకున్నాం. ఆ రాత్రి ఎవరూ ఇంటికి వెళ్లలేదు. గడ్డం కిందివి నాకు వచ్చాయి. మర్నాడు కెమెరావాళ్లు మెట్లెక్కుతుంటే ఆఖరి పలక ఇంకా ఫ్యాను కింద ఆరుతోంది.

ఫిల్ము కడిగి వచ్చిన రోజు అందరం కిందికి దిగాం. తోషిమి అక్క రాలేదు. "కుంచెలు కడగాలి," అంది. అవి అప్పటికే కడిగి ఉన్నాయి.

నేను తలుపు పక్కన నిలబడ్డాను. వంతెన కింద చీకటి, నది మీద వెన్నెల, డ్రమ్ము. నేను తెరవైపు చూడలేదు, కురిమోతో నోటివైపు చూశాను. వీరుడు తల తిప్పినట్టున్నాడు, అందరి మొహాల మీదా వెలుగు మారింది. అతని నోరు కొంచెం తెరుచుకుంది. ఉదగావా గారు కుర్చీలో ముందుకు వంగారు. డ్రమ్ము తాళం రెండుసార్లు తిరిగింది. కత్తి వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు.

దీపాలు వెలిగాయి. ఉదగావా గారు కళ్లజోడు తుడుచుకుంటూ, "గడ్డం కింద వెలుగు ఒకచోట వణికింది. దాన్ని సరిచేయండి," అన్నారు. అంతే. లేచి తర్వాతి ముక్క వేయమన్నారు. మా దగ్గర బాగుందన్న మాటకు అర్థం అదే. బాగోలేనిదాంట్లో ఎవరూ వణుకు వెతకరు.

మెట్లు రెండేసి ఎక్కాను. అక్క పొడి కుంచెల్ని మళ్లీ నీళ్ల కింద పట్టుకుని ఉంది. వెనక్కి తిరగలేదు.

"ఎవరు నవ్వారు?"

"ఎవరూ నవ్వలేదు అక్కా."

"వాడు?"

"కురిమోతో గారు కూడా నవ్వలేదు."

నీళ్లు కట్టేసింది. కుంచెలు విదిలించింది. భుజాలు కొంచెం దిగాయి. "మరి ఇంతసేపు ఏమన్నారు?"

"గడ్డం కింద వెలుగు వణికిందట."

"గడ్డాలు ఎవరికిచ్చాను?"

"నాకే," అన్నాను.

"తెలుసు. ఆ పలకలు తెచ్చుకుని కూర్చో," అంది. తన కుర్చీని గోడవైపు నుంచి చీకటి పడుతున్న కిటికీ వైపు తిప్పి, తొడుగు తీసి బల్ల మీద పెట్టి, గడ్డం పైకెత్తింది. "త్వరగా. తెల్లారేదాకా కూర్చోను నేను."