నేను రాసిచ్చిన ఉపన్యాసం

పోయిన వారం గుత్తిలో మా చిన్నమ్మాయి పనిచేసే బడిలో పిల్లల వక్తృత్వ పోటీకి న్యాయనిర్ణేతగా కూర్చోమన్నారు. రిటైరై ఇన్నేళ్లయ్యాక మనబోటి మాస్టర్లకు దొరికే గౌరవాలు ఇలాంటివే కదా, పైగా శాలువా కూడా ఉందన్నారు, వెళ్లాను. కూర్చోగానే చేతికొక అచ్చు కాగితం ఇచ్చారు. ధైర్యానికి ఇన్ని, ఉచ్చారణకు ఇన్ని అని గళ్లు గీసి, చివరి గడిలో ‘వినేవారిని ఒప్పించగలిగారా?’ అని రాసి, అన్నిటికంటే ఎక్కువ మార్కులు దానికే పెట్టారు. అక్కడ నా కలం ఆగింది. పక్కనున్న కుర్ర మాస్టారు నాకు చూపు ఆనడం లేదనుకుని చదివి వినిపించబోయాడు. చూపు బాగానే ఉంది, గుర్తొచ్చిందే బాగాలేదు.

డెబ్బైల చివర్లో నా మొదటి ఉద్యోగం విడపనకల్లు అవతల, కర్ణాటక సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న ఒక పల్లె బడిలో. ఏడో తరగతి వరకే ఉండేది. ఆ ఏడు జొన్న కంకి పాలు పోసుకునే వేళకు వాన మొహం చాటేసింది. అలాంటి ఏట ఊరు ఊరంతా చట్టీ చాపా కట్టుకుని, కూలీల మేస్త్రీ పంపిన లారీ ఎక్కి, బళ్లారి అవతల కాలువ కింద కోతలకు వెళ్లిపోయేది. పిల్లలూ వెళ్లేవారు. నేను ఒక్కో పేరు పిలిచి, జవాబు రాక, హాజరు పట్టీలో సున్నాలు చుట్టుకుంటూ కూర్చునేవాణ్ణి. అందుకని హెడ్మాస్టరు గారు ఒక ఆలోచన చేశారు. బాలల దినోత్సవానికి తల్లిదండ్రులను పిలిచి, వలస పోయినా పిల్లలను బడి మానిపించవద్దని పిల్లల చేతనే చెప్పిద్దామన్నారు. మంచి ఆలోచనే, నా చేతిలో పెట్టేవరకు.

అప్పట్లో మన పద్ధతి మీకు తెలియనిది కాదు. ఉపన్యాసం మాస్టారే రాయాలి, పిల్లలు బట్టీ పట్టాలి, పోటీ రోజు ఆ మాస్టారే ఆ కాగితం ముందు పెట్టుకుని, తప్పిన మాటకల్లా ఒక చుక్క పెట్టి మార్కులు కోయాలి. మీలో చాలామంది ఇలాగే చేసి ఉంటారు, కాదనకండి. ‘విద్య లేనివాడు వింత పశువు’ అని మొదలుపెట్టి, ‘కావున తల్లిదండ్రులారా, ఆలోచించండి’ అని ముగిసే ఒక పేజీ రాసి, ఏడుగురు పిల్లలకూ అదే ఇచ్చాను. నాలుగో పిల్లవాడు లేచేసరికి ముందు వరసలోని పెద్దలు వాడికంటే ముందే మాట అందిస్తున్నారు.

ఐదో పేరు ఒక ఏడో తరగతి అమ్మాయిది. ఆ పిల్లకు ఆ రోజు ఎంత ముఖ్యమో నాకు తర్వాతగానీ తెలియలేదు, మీకు ఇప్పుడే చెబుతాను. అవ్వ తప్ప వాళ్ల ఇంటిల్లిపాదికీ లారీలో చోటు మాట్లాడేసుకున్నారు, ఎల్లుండే ప్రయాణం. ఈ పిల్ల మాత్రం రానని, చదువుకుంటానని ఏడ్చింది. సభలో మాట్లాడనీ, అయ్యవారు బాగుందంటే అవ్వ దగ్గర వదిలిపోదామని వాళ్ల నాయన అన్నాడట.

ఆ అమ్మాయి వింత పశువు దాకా చెప్పి ఆగింది. వెనక, గోడకు ఆనుకుని గొంతుకూర్చున్న వాళ్ల నాయన వంక చూసింది. తర్వాత నా కాగితంలో లేనిది మొదలుపెట్టింది.

“నాయనా, పోయినేడు నన్నూ మీతోనే తీసకపోతిరి. మనం ఆడ ఉంటే ఈడ తాత పోయినాడు. జాబు రాసేవాళ్లు ఇంట్లో ఎవురూ ల్యాక మనకు తెలిసేతలికి దినాలు కూడా అయిపాయ. అవ్వ ఒగతే ఏడ్సింది. ఈసారి నన్ను ఈడ ఇడిసిపోండి. బడికి పోతా, అవ్వను సూసుకుంటా, ఏమన్నా అయితే జాబు నేను రాస్తా.”

ఆడవాళ్లలో ఎవరో ముక్కు చీదారు. నేనేం చేశానంటారా, కాగితం మీద వేలు పెట్టి ఆ మాటలు ఎక్కడున్నాయా అని వెతుకుతున్నాను. లేవు. బెదిరి పాఠం మరిచిపోయిందని, ఇంటి సంగతులు సభలో పెట్టి హెడ్మాస్టరు గారి ముందు నా పరువు తీస్తోందని ఒళ్లు మండింది. వరసగా చుక్కలు పెట్టుకుంటూ పోయాను. మొదటి బహుమతి స్టీలు టిఫిన్ డబ్బా, అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పిన అంగడాయన కొడుక్కి ఇచ్చాను. ఆ అమ్మాయికి పెన్సిలు ముక్క కూడా రాలేదు.

జనం లేచాక వాళ్ల నాయన తలగుడ్డ విప్పి చేత పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చాడు.

“ఏమప్పా అయ్యవారూ, మా పాప ఎట్ల మాట్లాడింది?”

కాగితాలు సర్దుకుంటూ, తల ఎత్తకుండానే, ధైర్యం ఉంది గానీ పాఠమంతా మరిచిపోయిందని చెప్పాను.

“నాకు బాగుండాదనిపిచ్చె,” అన్నాడాయన. “సదువుకున్నోళ్లు, మీకే తెలుస్తాది.”

మూడో నాడు హాజరు పట్టీలో ఆ పేరుకు ఎదురుగా సున్నా చుట్టాను.

సంక్రాంతి దాటాక ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి అవ్వ పోస్టు కార్డు పట్టుకుని బడికి వచ్చింది. దగ్గు ఎక్కువైందని, ఒకసారి వచ్చి పొమ్మని కొడుక్కి రాయాలంది. రాస్తుంటే కొడుకు పెట్టిన ఆ షరతు సంగతంతా ఆమే చెప్పింది, నన్ను తప్పుపట్టి కాదు, మామూలుగా, పొద్దుపోక చెప్పే కబురులాగా. మేస్త్రీ చిరునామాకు కార్డు వేశాను. జవాబు రాలేదు. ఉగాదికి ముందే ఆమె పోయింది. ఆ కబురు కార్డు మీద రాసిందీ నేనే, అది ఎప్పుడు చేరిందో తెలియదు. తొలకరికి వాళ్లు తిరిగొచ్చారు. ఏడో తరగతి పరీక్షలు ఎప్పుడో అయిపోయాయి. ఆ అమ్మాయి ఒకసారి గడ్డిమోపుతో ఎదురై, “బాగుండారా సార్” అని నవ్వి పక్కకు తప్పుకుని దారిచ్చింది. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. ఇరవై ఐదేళ్ల కుర్ర మాస్టరును, పరువొకటి అడ్డొచ్చింది.

ఆ ఊళ్లో ఇప్పుడు పదో తరగతి దాకా బడి ఉందట, బస్సు వస్తుందట. వలసలు మాత్రం ఆగలేదు, కాకపోతే కబురు ఫోనులో క్షణంలో చేరుతుంది. పిల్లలు తమ మాటలే మాట్లాడుతున్నారు, మాస్టర్లు తలెత్తి వింటున్నారు. సంతోషించాలి, సంతోషిస్తున్నాను కూడా. కానీ ఒంటరిగా కూర్చున్నప్పుడు ఆ తలగుడ్డ పట్టుకున్న మనిషే కనబడతాడు. కూతురి మాటకు మనసు మారాకే ఆయన నా దగ్గరికి వచ్చాడు. మారిన ఆ మనసును వెనక్కి తిప్పి పంపింది నేను.